గ్నోమా, కేడీఈనా? సెట్టింగ్స్ లెక్కపెట్టి తేల్చే విషయం కాదు

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11కి పనికిరావన్న ల్యాప్‌టాప్‌లేమో ఇంకా లక్షణంగా నడుస్తున్నాయి. అలాంటివి చేతిలో ఉన్నవాళ్లు లినక్స్ వైపు చూస్తూ ముందు అడిగేది "ఏ లినక్స్ వేసుకోవాలి?" అని. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది అది కాదు. పొద్దున్నుంచి రాత్రి దాకా కంటికి కనిపించేదీ చేతికి తగిలేదీ డెస్క్‌టాప్, అంటే విండోలు, మెనూలు, ప్యానెల్ అన్నీ చూపించే పొర. అందులో పెద్దవి రెండు: గ్నోమ్, కేడీఈ ప్లాస్మా. "మీకేం కావాలో మేం ఆలోచించి పెట్టాం, వాడుకోండి" అనేది గ్నోమ్ ధోరణి. "మీకెలా కావాలో అలా పెట్టుకోండి" అనేది కేడీఈ ధోరణి.

కొత్తవాళ్లకు గ్నోమ్, చేయి తిరిగినవాళ్లకు కేడీఈ అని పంచేయడం మామూలైపోయింది. ఆ పంపకం నాకు నచ్చదు. విండోస్ నుంచి నేరుగా వచ్చినవాళ్లకు కేడీఈ చూస్తే పాత ఇల్లులాగే ఉంటుంది, గ్నోమ్‌లో మాత్రం కింద టాస్క్‌బార్ ఏదని వెతుక్కుంటారు. మరోవైపు ఏళ్ల తరబడి కోడ్ రాస్తున్నవాళ్లు ఎందరో గ్నోమ్‌లో ఒక్క సెట్టింగూ మార్చకుండా పనిచేసుకుంటున్నారు. చూసుకోవాల్సింది ఇంకొకటి: మీరు వదులుకోలేని రెండు మూడు అలవాట్లను ఆ డెస్క్‌టాప్ రాజమార్గంలో ఇస్తుందా, లేక దొడ్డిదారిన తెచ్చుకోవాలా?

గ్నోమ్ మొదట్నుంచీ ఇంత పొదుపుగా లేదు. మథియాస్ ఎట్రిష్ 1996 అక్టోబర్‌లో కేడీఈని ప్రకటించారు. మరుసటి ఏడాది ఆగస్టులో మిగెల్ డి ఇకాజా, ఫెదెరికో మేనా గ్నోమ్‌ను మొదలుపెట్టారు. అప్పటి తగాదా లైసెన్సు గురించి. కేడీఈకి ఆధారమైన క్యూటీ లైబ్రరీ అప్పట్లో పూర్తి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు. సెట్టింగ్స్ విషయంలో దారులు చీలింది 2002లో గ్నోమ్ 2.0 వచ్చినప్పుడు. ఆ రోజుల్లో గ్నోమ్‌కు పనిచేసిన హావొక్ పెనింగ్టన్ ఒక వ్యాసం రాశారు. అందులోని వాదన ఇప్పటికీ పదునుగానే ఉంది: ప్రతి సెట్టింగ్‌కూ ఖర్చుంటుంది. ఒకటి పెరిగితే మిగతావాటిలో కావలసింది వెతుక్కోవడం కష్టమవుతుంది. పరీక్షించాల్సిన కలయికలు పెరుగుతాయి. అన్నిటికన్నా ముఖ్యం, నిజంగా సరిచేయాల్సిన లోపాన్ని సరిచేయకుండా "ఇక్కడ టిక్ తీసేస్తే సరిపోతుంది" అని తప్పించుకునే వీలు డెవలపర్‌కు దొరుకుతుంది.

కలయికల లెక్క ఒకసారి వేసి చూడండి. ఆన్, ఆఫ్ తప్ప ఇంకేమీ లేని సెట్టింగ్స్ పది ఉంటే 1,024 రకాల కంప్యూటర్లు తయారవుతాయి. ఇరవై ఉంటే పది లక్షలు దాటుతాయి. స్వచ్ఛందంగా పనిచేసే కొద్దిమంది వాటిలో ఎన్నిటిని పరీక్షిస్తారు? మీరు ఎంచుకున్న కలయికను మీకన్నా ముందు ఎవరూ వాడి ఉండకపోవచ్చు. కేడీఈలో అప్పుడప్పుడు తగిలే చిన్నచిన్న వింతలకు మూలం చాలావరకు ఇదే.

పెనింగ్టన్ వాదనకు ఎదురు వాదనను 2005లో లినస్ టోర్వాల్డ్స్ గట్టిగానే వినిపించారు. సింపుల్‌గా ఉంచబోయి గ్నోమ్ నా పనికే పనికిరాకుండా పోయింది అన్నది ఆయన గొడవ. కేడీఈ వాడుకోండని బాహాటంగా చెప్పారు. ఆ తర్వాత కథ ఇంకా బాగుంటుంది. 2008లో కేడీఈ 4.0 సగం ఉడికి బయటికొచ్చేసరికి ఆయనే గ్నోమ్‌కు మారారు. 2011లో గ్నోమ్ 3 వచ్చాక విసుగెత్తి ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఇంకో డెస్క్‌టాప్‌కి వెళ్లారు. కొన్నాళ్లకు ఎక్స్‌టెన్షన్లు (లేని సౌకర్యాలను చేర్చే చిన్న ప్రోగ్రామ్‌లు) తగిలించుకుని మళ్లీ గ్నోమ్‌కే వచ్చారు. లినక్స్ కెర్నెల్ రాసినాయనకే ఇన్ని మార్పులు తప్పనప్పుడు, మీరు మొదటిసారే సరైనది ఎంచుకోవాలని టెన్షన్ పడక్కర్లేదు.

డిఫాల్టే అసలు డిజైన్

పోలికలోకి దిగే ముందు ఒక మాట. చాలామంది డిఫాల్ట్‌ను జీవితాంతం మార్చరు. మార్చవచ్చని తెలియక మార్చనివాళ్లే అందులో ఎక్కువ. దీనికి కేడీఈలోనే మంచి ఉదాహరణ ఉంది. ఏళ్ల తరబడి ప్లాస్మాలో ఫైలు మీద ఒక్కసారి క్లిక్ చేస్తే తెరుచుకునేది. విండోస్ అలవాటుతో ఫైలును ఎంచుకుందామని ఒకసారి నొక్కితే అది కాస్తా ఓపెన్ అయ్యేది. రెండుసార్లు నొక్కితే తెరుచుకునేలా మార్చే సెట్టింగ్ ఎప్పుడూ ఉంది. కానీ తొలిరోజే చిరాకుపడ్డ మనిషికి అలాంటి సెట్టింగ్ ఉందన్న ఊహే రాదు, "ఇదేదో తేడాగా ఉంది" అనుకుని వెళ్లిపోతాడు. 2024 ఫిబ్రవరి 28న వచ్చిన ప్లాస్మా 6లో డిఫాల్ట్‌నే డబుల్ క్లిక్‌గా మార్చారు. అన్నేళ్లు ఆ సెట్టింగ్ చేయలేని పని ఈ ఒక్క మార్పు చేసింది.

"మామూలుగా సింపుల్‌గా, అవసరమైతే శక్తిమంతంగా" అన్న అర్థం వచ్చే మాటను కేడీఈవాళ్లు నినాదంగా పెట్టుకున్నారు. అంటే అటువైపు కూడా పెనింగ్టన్ మాట కొంత చెవికెక్కింది. గ్నోమ్ కూడా కదలక కూర్చోలేదు. మెనూలకు, బటన్లకు నచ్చిన రంగు పెట్టుకునే వీలును ఎంతోకాలం ఇవ్వకుండా, చివరికి 2024 సెప్టెంబర్‌లో గ్నోమ్ 47లో ఇచ్చారు. రంగులు తొమ్మిదే, నచ్చిన రంగు కలుపుకునే పలక లేదు. ఎలాంటి రంగు పెట్టినా దాని మీద అక్షరాలు కనిపించాలి కదా, అందుకే చూసి పెట్టిన తొమ్మిది. ఇది నాకు న్యాయంగానే తోస్తుంది.

కిటికీల దగ్గర

ఫెడోరా అనే లినక్స్‌లో వచ్చే గ్నోమ్‌ను తెరిచి ఏదైనా విండో పైభాగం చూడండి. మూసే గుర్తు ఒక్కటే ఉంటుంది. మినిమైజ్, మ్యాక్సిమైజ్ బటన్లు 2011లో గ్నోమ్ 3తోనే పోయాయి. విండోలను కిందికి దించి దాచుకోవడం కాకుండా, విండోస్ గుర్తున్న కీ ఒకసారి నొక్కి అన్నిటినీ పరిచి చూసుకోవాలి, లేదా ఇంకో వర్క్‌స్పేస్‌లో (పక్కన ఇంకో తెర ఉన్నట్టుండే చోటు) పెట్టుకోవాలి అన్నది వాళ్ల ఉద్దేశం. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మీద మూడు వేళ్లతో పైకి జరిపితే ఇది చాలా హాయిగా ఉంటుంది. రాసే పని, చదివే పని చేసేవాళ్లు ఒక వారంలో అలవాటు పడతారు, ఆ తర్వాత మినిమైజ్ బటన్ గుర్తుకే రాదు.

అదే ఒక అకౌంట్స్ ఆఫీసు తీసుకోండి. ఒకవైపు స్ప్రెడ్‌షీట్లు మూడు, ఇంకోవైపు జీఎస్టీ పోర్టల్, పక్కన కాలిక్యులేటర్. ఇక్కడ కేడీఈ చేతికి దొరికినట్టుంటుంది. టైటిల్ బార్ మీద రైట్ క్లిక్ చేసి ఆ కాలిక్యులేటర్‌ను ఎప్పుడూ పైనే ఉండమనవచ్చు. అక్కడే విండో రూల్స్ ఉంటాయి: ఫలానా ప్రోగ్రామ్ ఎప్పుడు తెరిచినా రెండో మానిటర్ మీదే, ఇంత వెడల్పుతోనే తెరుచుకోవాలని రాసిపెట్టవచ్చు. ఒకసారి రాస్తే మరిచిపోవచ్చు. రోజుకు యాభైసార్లు విండో జరపాల్సిన మనిషికి దీని విలువ చెప్పక్కర్లేదు. విండోను పైనే ఉంచడం గ్నోమ్‌లోనూ కుదురుతుంది కానీ, ఇలాంటి రూల్స్ రాసుకునే చోటు మాత్రం దాని సెట్టింగ్స్‌లో లేదు.

ఫైల్ మేనేజర్ల దగ్గరా ఇదే తేడా. కేడీఈ డాల్ఫిన్‌లో ఎఫ్3 నొక్కితే కిటికీ రెండుగా చీలి, ఈ ఫోల్డర్ నుంచి ఆ ఫోల్డర్‌కు ఫైళ్లు లాగేయవచ్చు. ఎఫ్4 నొక్కితే కింద టెర్మినల్ వస్తుంది. గ్నోమ్ ఫైల్ మేనేజర్‌లోనూ ఒకప్పుడు ఎఫ్3 ఉండేది, 2012లో తీసేశారు. లినక్స్ మింట్ అనే ఇంకో లినక్స్ వాళ్లు ఆ పాత రూపాన్ని వదులుకోలేక నెమో అనే పేరుతో సొంతంగా నడుపుకుంటున్నారు. పెళ్లి ఫొటోలు, వీడియోలు ఒక డ్రైవ్ నుంచి ఇంకో డ్రైవ్‌కు రోజూ సర్దే స్టూడియోవాళ్లయితే ఈ ఒక్క ఎఫ్3 కోసమే డాల్ఫిన్ గానీ నెమో గానీ ఉన్నచోటికి వెళ్లడం మేలు.

తెలుగు రాసేవాళ్లకు

ఈ విషయంలో నేను చూసినంతలో సింపుల్‌గా ఉంచడమే గెలిచింది. గ్నోమ్ సెట్టింగ్స్‌లో కీబోర్డ్ పేజీకి వెళ్లి, ఇన్‌పుట్ సోర్సుల్లో ప్లస్ గుర్తు నొక్కి తెలుగు చేర్చుకుంటే చాలు, భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు ఇన్‌స్క్రిప్ట్ వచ్చేస్తుంది. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్టీఎస్, ఐట్రాన్స్ లాంటివి, పోతన కీబోర్డు కావాలంటే ఐబస్ ఎం17ఎన్ ప్యాకేజీ ఒకటి వేసి, లాగౌట్ అయి రావాలి. అవీ ఆ జాబితాలోనే చేరతాయి. లోపల టైపింగ్‌ను చూసుకునే ఐబస్ అనే ప్రోగ్రామ్ నడుస్తోందన్న సంగతి తెలియకపోయినా పనైపోతుంది.

కేడీఈలో ఇన్‌స్క్రిప్ట్ చేర్చడం అంతే తేలిక. ఆర్టీఎస్ కావాలనుకున్నప్పుడే చిక్కు. ఐబస్ వాడాలా, అలాంటిదే ఇంకోటి ఎఫ్‌సిటిక్స్5 వాడాలా అన్నది మీరే తేల్చుకోవాలి. తేల్చుకున్నాక వేలాండ్ (విండోలను తెర మీద చూపించే కొత్త పద్ధతి) సెషన్‌లో అది పనిచేయాలంటే సిస్టమ్ సెట్టింగ్స్‌లో "వర్చువల్ కీబోర్డ్" అనే పేజీలో దాన్ని ఎంచాలి. తెర మీద కనిపించే కీబోర్డుకూ మనం చేత్తో కొట్టే ఆర్టీఎస్‌కూ సంబంధం ఉంటుందని ఎవరనుకుంటారు? అక్కడ వెతకాలని ఎవరో చెబితే తప్ప తట్టదు. ఎంపిక ఇచ్చారు సరే, ఎంచుకోవడానికి కావలసిన తెలివిడి ఇవ్వలేదు.

అక్షరాల సైజు దగ్గరకొస్తే తారుమారవుతుంది. కేడీఈ ఫాంట్స్ పేజీలో మామూలు అక్షరాలకు, మెనూలకు, టూల్‌బార్‌కు, విండో టైటిల్‌కు, చిన్న అక్షరాలకు, టెర్మినల్ లాంటివాటికి విడివిడిగా ఆరు ఎంపికలున్నాయి. ఇంటర్‌ఫేస్‌ను తెలుగులో పెట్టుకున్నవాళ్లకు ఇది వరం. చిన్న తెర మీద "స్త్రీ", "క్ష్మి" లాంటి అక్షరాల కింద ఒత్తులు అలుక్కుపోతాయి. మెనూ అక్షరాలను మాత్రం ఒక మెట్టు పెంచుకుంటే సరిపోతుంది. గ్నోమ్‌లో ప్రధాన సెట్టింగ్స్‌లో ఉన్నది యాక్సెసిబిలిటీ కింద పెద్ద అక్షరాల స్విచ్ ఒక్కటే, అది అన్నిటినీ ఒకేసారి 1.25 రెట్లు చేస్తుంది. అంతకన్నా సన్నగా సరిచేయాలంటే ట్వీక్స్ అనే వేరే యాప్ వేసుకోవాలి.

ఇంకో సంగతి. తెలుగు అక్షరాలకు ఫలానా ఫాంటు, ఇంగ్లీషుకు ఫలానా ఫాంటు అని విడిగా చెప్పే చోటు రెండింట్లోనూ లేదు. శుభలేఖల కోసం నాలుగు సొగసు ఫాంట్లు వేసుకున్నాక ఒక్కోసారి మెనూలు కూడా ఆ వంపుల ఫాంటులోనే కనిపిస్తాయి. దాన్ని సరిచేయాలంటే ఏ భాషకు ఏ ఫాంటో చెప్పే ఫాంట్‌కాన్ఫిగ్ ఫైలు రాసుకోవాల్సిందే. అన్నన్ని సెట్టింగ్స్ ఉన్న కేడీఈలోనూ తెలుగువాళ్లకు కావలసిన ఈ ఒక్కటీ లేదు. అందుకే సెట్టింగ్స్ సంఖ్యను చూసి మురిసిపోవద్దంటాను.

ఎక్స్‌టెన్షన్లూ థీములూ

గ్నోమ్‌లో లేనిది ఎక్స్‌టెన్షన్‌తో వస్తుంది కదా అంటారు. వస్తుంది. కింద డాక్ (యాప్‌ల గుర్తుల పట్టీ) కావాలన్నా, యాప్‌ల గుర్తులు ట్రేలో కనిపించాలన్నా, డెస్క్‌టాప్ మీద ఐకాన్లు కావాలన్నా ఎక్స్‌టెన్షన్లున్నాయి. పేరున్న ఉబుంటూ కూడా గ్నోమ్‌ను ఉన్నదున్నట్టు ఇవ్వదు, ఈ మూడింటినీ ముందే తగిలించి ఇస్తుంది. మినిమైజ్ బటన్ కూడా పెడుతుంది. అంటే ఉబుంటూ వాడి "గ్నోమ్ బాగుంది" అనేవాళ్లు, ఫెడోరా వాడి "గ్నోమ్ బాగుంది" అనేవాళ్లు ఒకే వస్తువు గురించి మాట్లాడటం లేదు.

ఉబుంటూ ఇచ్చే ఎక్స్‌టెన్షన్లను ఉబుంటూయే చూసుకుంటుంది కాబట్టి వాటితో పేచీ లేదు. మీరు సొంతంగా వేసుకునేవాటితోనే తంటా. గ్నోమ్ ఏటా మార్చిలో, సెప్టెంబర్‌లో కొత్త వెర్షన్ తెస్తుంది. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన గ్నోమ్ 45లో లోపలి పద్ధతి మారి, అప్పటిదాకా ఉన్న ప్రతి ఎక్స్‌టెన్షన్‌నూ తిరగరాయాల్సి వచ్చింది. రాసినాయన ఖాళీగా ఉంటే వారంలో అయింది, లేకపోతే లేదు. నా కొలత ఇది: మామూలు గ్నోమ్ మీద సొంతంగా రెండు ఎక్స్‌టెన్షన్లకు మించి లేకపోతే రోజు గడవదనిపిస్తే, మీకు కావలసింది గ్నోమ్ కాదు.

కేడీఈవాళ్లు దీన్ని చూసి నవ్వుకోవడానికి లేదు. 2024 మార్చిలో కేడీఈ స్టోర్ నుంచి ఒక గ్లోబల్ థీమ్ వేసుకున్న వ్యక్తి సొంత ఫైళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. థీమ్ అంటే రంగులూ బొమ్మలే అనుకుంటాం. ప్లాస్మా గ్లోబల్ థీమ్‌లో కోడ్ కూడా నడుస్తుంది. ప్లాస్మాతో వచ్చిన సెట్టింగ్స్ ఎన్నయినా మార్చుకోండి, స్టోర్‌లో కనిపించినవన్నీ దించుకోకండి.

మీది కాని కంప్యూటర్‌కు

ఇప్పటిదాకా చెప్పింది సొంత మెషీన్ గురించి. ఇంట్లో పెద్దవాళ్ల కంప్యూటర్, కాలేజీ ల్యాబ్, షాపు కౌంటర్ మీది మెషీన్ అయితే నేను ఎదురు మాట్లాడకుండా గ్నోమ్ వైపే ఉంటాను. కారణం ఫోన్. "పిన్నీ, పైన కుడి మూల నొక్కు, వైఫై అక్కడే ఉంటుంది" అని చెప్పగలగాలి. గ్నోమ్‌లో ఆ మూల ఎటూ పోదు. కేడీఈలో ప్యానెల్ మామూలుగా కిందే ఉన్నా, రైట్ క్లిక్ చేసి ఎడిట్ మోడ్‌లోకి వెళ్లి దాన్ని పక్కకు లాగేసినా, తీసేసినా అడ్డుకునేవారు ఉండరు. అప్పుడు ఫోన్‌లో "నీకేం కనిపిస్తోంది?" అనే సంభాషణ అరగంట నడుస్తుంది.

ల్యాబ్‌లకు మాత్రం ఒక మినహాయింపు. ఏ సెట్టింగ్‌ను ఎవరూ మార్చకుండా తాళం వేసే వీలు రెండింట్లోనూ ఉంది. గ్నోమ్‌లో డీకాన్ఫ్ లాక్స్ అంటారు, కేడీఈలో కియాస్క్ అంటారు. ఆ పని తెలిసిన సిస్టమ్ అడ్మిన్ ఉంటే కేడీఈని అచ్చం విండోస్ ల్యాబ్‌లా అమర్చి బిగించేయవచ్చు. విద్యార్థులు ఇంట్లో విండోస్ వాడుతుంటే అదే సుఖం.

ఈ రెండూ వద్దనుకుంటే

లినక్స్ మింట్‌లో వచ్చే సినమన్ అచ్చంగా ఈ గొడవలోంచే పుట్టింది. గ్నోమ్ 3 నచ్చని మింట్ వాళ్లు పాత పద్ధతిని కాపాడుకోవడానికి మొదలుపెట్టారు. కింద ప్యానెల్, మూలన మెనూ, మూడు బటన్లు, చాలినన్ని సెట్టింగ్స్. విండోస్ 10 నుంచి వస్తున్న ఇంటివాళ్లకు, తమకేం కావాలో ఇంకా తెలియనివాళ్లకు ముందు ఇదే చెబుతాను. కాకపోతే దీని వేలాండ్ మద్దతు ఇంకా ముదరలేదు. రెండు మానిటర్లను వేర్వేరు స్కేలింగ్‌తో వాడేవాళ్లయితే ప్లాస్మాకో గ్నోమ్‌కో వెళ్లాలి. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత మెషీన్ అయితే ఎక్స్‌ఎఫ్‌సీఈ. దాని గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు, ఏళ్ల తరబడి పెద్దగా మారకపోవడమే దాని గొప్ప.

తేల్చుకునేటప్పుడు ఒక కాగితం మీద మీరు రోజూ చేసే పనుల్లో వదులుకోలేనివి మూడు రాసుకోండి. "డెస్క్‌టాప్ అందంగా ఉండాలి" లాంటివి కాదు, "రెండు ఫోల్డర్లు పక్కపక్కన", "ఆర్టీఎస్‌లో తెలుగు", "వాట్సాప్ గుర్తు ఎప్పుడూ ట్రేలో" లాంటివి. పెన్‌డ్రైవ్‌లోంచి లైవ్‌గా బూట్ చేసి, హార్డ్‌డిస్క్ మీద ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా ఆ మూడూ చేసి చూడండి. మూడూ జరిగితే, ఆ డెస్క్‌టాప్‌లో ఇంకా ఎన్ని సెట్టింగ్స్ ఉన్నాయో లేవో మీకు అనవసరం. రెండే జరిగి మూడోదానికి ఎక్స్‌టెన్షన్ కావాల్సి వస్తే, అది డిస్ట్రో (ఫెడోరా, ఉబుంటూ, మింట్ లాంటి లినక్స్ రకం) తనే ఇస్తున్నదా అని చూడండి.

గ్నోమ్‌ను దాని అసలు రూపంలో చూడాలంటే ఫెడోరా వర్క్‌స్టేషన్ తీసుకోండి. కేడీఈకి ఫెడోరా కేడీఈ ఎడిషన్ మంచిది. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఫెడోరా 42 నుంచి దానికి వర్క్‌స్టేషన్‌తో సమాన హోదా ఇచ్చారు. కేడీఈతో వచ్చే ఉబుంటూ అయిన కుబుంటు 24.04 వేసుకుంటే అందులో ఉండేది ప్లాస్మా 5.27, అంటే ప్లాస్మా 6 కాదని గుర్తుపెట్టుకోండి. రెండు డెస్క్‌టాప్‌లనూ ఒకే ఇన్‌స్టాలేషన్‌లో వేసుకుని లాగిన్ దగ్గర మార్చుకోవచ్చు కానీ, నేను వద్దంటాను. రెండు ఫైల్ మేనేజర్లు, రెండు సెట్టింగ్స్ యాప్‌లు, రెండు టెర్మినళ్లు మెనూలో పక్కపక్కన చేరతాయి, దేని సెట్టింగ్ దేనికి వర్తిస్తుందో తేలదు. చూడాలనుకుంటే రెండు పెన్‌డ్రైవ్‌లు పెట్టుకోండి.